జానెడు పేగు

మాట 1

రోజూ వచ్చి చెప్పమని డాక్టరమ్మ అంది, చెప్తున్నాను. పేగు ఏం తిన్నది, ఎంత అరిగింది, ఎలా కదిలింది, ఇంతే చెప్పాలట. అక్కర్లేని మాటలు చెప్పకూడదట. నన్ను ఎరిగినవాళ్ళు ఈ షరతు వింటే పడీపడీ నవ్వుతారు.

ఈ మాటపెట్టె ఒక వింత. నేను మా యాసలో చెప్తుంటే ఇది పుస్తకాల తెలుగులోకి మార్చి గోడ మీద రాసి చూపిస్తోంది. చదువుకుంటే నా మాటలు నాకే, ఎవరో పట్టుచీర కట్టి పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు ఉన్నాయి. నాకొద్దు, నా మాట నా మాటలాగే రాయి అని అరిచాను. "కథనం ప్రామాణిక భాషలో నమోదు చేయబడుతుంది. సంభాషణలు యథాతథంగా ఉంచబడతాయి" అంది. అంటే ఎవరితోనైనా పోట్లాడితేనే నా నోరు నాకు తిరిగొస్తుందన్నమాట. ఆ మాత్రం అవకాశం చాలు.

పేరు గుండేటి భూలక్ష్మి. ఇల్లు భూమి అడుగున పాత బొగ్గుబాయిలో, మూడో సీమ్‌లో, అంటే మూడో బొగ్గుపొరలో, గాలితలుపు పక్కన. మా ఆయనది ఫ్యాన్ల డ్యూటీ, బాయిలోకి గాలిని లాగే పంకాలు చూసుకుంటాడు. నాది చెమ్మ డ్యూటీ. సొరంగం గల్లీల పైకప్పుకు పట్టిన చెమ్మను గుడ్డతో తుడిచి డ్రమ్ముల్లో పిండుతాను. సగం సీమ్ ఆ నీళ్ళే తాగుతుంది. మెడ పట్టేస్తుంది గానీ, పైకెళ్ళి ఎండలో మాడటం కంటే నయం.

మా బుడ్డికి ఆరేళ్ళు. పుట్టిన మర్నాడే దాని పేగు మెలికపడి నల్లబడిపోయింది. బతికించడానికి కోసి తీసేశారు. మిగిలింది జానెడు. తిన్నది ఒంటికి పట్టాలంటే ఆ జానెడు చాలదు, ఇటు పెడితే అటు వెళ్ళిపోతుంది. అందుకని రోజూ దాని ఛాతీలోని గొట్టానికి తెల్లటి సంచీ తగిలిస్తాం. ఆ సంచీలోది నరంలోకి ఎక్కి ఒంటికి పడుతుంది. మా ఇంట్లో దాని పేరు నరంబువ్వ.

నరంబువ్వ ప్రాణం నిలబెడుతుంది, కార్జాన్ని తింటుంది. కాలేయం చెడి బుడ్డి కళ్ళు పచ్చబడుతున్నాయి. గొట్టం వెయ్యడానికి మంచి నరాలు కూడా అయిపోయాయి, ఛాతీలో ఉన్నదే ఆఖరుది. అందుకే మా డాక్టరమ్మ, డాక్టర్ షమీమ్, కొత్త పేగు పెంచుతోంది. బాయిలోకి దిగిన ప్రతి మనిషివీ, బాయిలో పుట్టిన ప్రతి పిల్లవీ కణాలు తీసి చల్లగదిలో దాచారు కదా, వాటితో. పేగు పెరిగే గాజుతొట్టిని ఇక్కడివాళ్ళు తొట్టెల, అంటే ఉయ్యాల, అంటారు. లోపలికి వెళ్ళి చూశాను. వేలెడు పొడుగున, గులాబీ రంగులో, నీళ్ళలో నెమ్మదిగా మెలికలు తిరుగుతోంది.

ఇది పెరిగాక బుడ్డి కడుపులో కుట్టేస్తారు. అప్పటిదాకా మా ఇంటి వంటను వడకట్టి తెచ్చి నేనే పెట్టాలి. ఆస్పత్రి పాకంతో పెరిగిన పేగు ఇంటి తిండి చూసి బెదురుతుందట. నాకు అర్థం కానిది ఒకటే. బుడ్డి పేగు బుడ్డి కంటే ముందు నా వంట తింటోంది. దీన్ని నేను బిడ్డకు పెట్టినట్టు లెక్కేసుకోవాలా వద్దా?

మాట 2

మేకపాలు పోశాను. తీసుకోలేదు.

ఏం చెయ్యాలో తోచక కాసేపు జోలపాట పాడాను. పక్క తొట్టెల దగ్గరున్న ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. చూస్తే చూడనీ. తొట్టెల అని పేరు పెట్టింది వాళ్ళే కదా.

మాట 6

పాలు మళ్ళీ పడలేదు. పోసిన కాసేపటికే పేగు ఉబ్బి, గిలగిలా కొట్టుకుని, అంతా బయటికి తోసేసింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఆరేండ్ల పిల్ల పేగుకు పాలు అరగాలె భూలక్ష్మీ. ఇదెందుకిట్ల జేస్తుందో నాకర్థమైతలేదు."

"మీకే అర్థంగాకపోతే నాకేమర్థమైతది డాక్టరమ్మా?"

మా అత్తమ్మ ఆ రోజు నాతో వచ్చింది. స్టూలు మీద కూర్చుని కొంగుతో మెడ తుడుచుకుంటూ, "నాక్గూడ పాలు పడయి బిడ్డా, పెండ్లీడు అచ్చినసంది పడయి. పేరువెట్టుకున్నంక పోలిక రాదా మరి?" అంది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహం వెలిగిపోయింది.

ఇక్కడ పేరు సంగతి చెప్పాలి. బుడ్డికి మా అత్తమ్మ పేరే పెట్టాం. అందుకే నేను దాన్ని పేరు పెట్టి పిలవను. అత్తగారి పేరు నోటితో ఎలా అంటాను? పిల్ల అల్లరి చేస్తే ఆ పేరుతో తిట్టగలనా? బుడ్డి అంటాను. మా ఆయన అయితే "అవ్వా" అంటాడు. కన్నతల్లినీ అవ్వా అంటాడు, కన్నకూతుర్నీ అవ్వా అంటాడు. ఇంట్లో కేకేస్తే ఇద్దరూ పలుకుతారు. ఆ ముచ్చటకే వాడు కేకేస్తాడని నా అనుమానం.

వాడు అన్నానా? పెట్టె సరిగ్గా రాసిందా? మా ఆయన. ఆయన.

మాట 9

పాలు మానేశాం. పప్పుకట్టు కొద్దిగా పట్టింది. అన్నం గంజి సగం పట్టింది. నేను డ్యూటీలో ఇరుక్కుపోయి రాలేకపోతే మా అత్తమ్మ వచ్చి, తనకోసం ఉడికించుకున్న జొన్నగట్కను నీళ్ళలో కలిపి, వడకట్టి పోసేసింది. చెప్పలేదు, అడగలేదు.

నేను వచ్చేసరికి ఆ తొట్టెల చుట్టూ నలుగురు నిలబడి ఉన్నారు. తోసుకుని ముందుకు వెళ్ళి చూస్తే పేగు నిగనిగలాడుతోంది. గట్క చుక్క మిగల్లేదు. అలలు అలలుగా ఒక కొస నుంచి ఇంకో కొసకు ఎంత చక్కగా కదులుతోందో!

"జూసినవా? గట్క అంటే నా లెక్కనే పానమిడుస్తది" అంది అత్తమ్మ.

"అవ్వ పోలికనే! పక్కా అవ్వ పోలిక" అని మా ఆయన చప్పట్లు కొట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా అవునవును, పేరు ఊరికే పోదు అన్నారు. డాక్టరమ్మ ఒక్కతే నవ్వలేదు. ముసలివాళ్ళ పేగులు ఇలా కదులుతాయి, పిల్లలవి కావు అని ఏదో గొణిగింది. మాకు కోపం వచ్చింది. అరిగినా తప్పేనా ఈవిడకు?

ఇంటికి వెళ్ళి బుడ్డికి అదే గట్క చెంచాడు పెట్టబోయాను. పళ్ళు బిగబట్టింది. గడ్డం పట్టుకుని, బతిమాలి, మేక కథ చెప్పి, చివరికి నాలుక మీద పెట్టాను. కాసేపు అలాగే ఉంచుకుని నా అరచేతిలోకి ఉమ్మేసింది. నోట్లో ఏం పెట్టినా అంతే, ఎవరిదో పని తన నెత్తిన వేసినట్టు మొహం పెడుతుంది. తొట్టెలలోది లొట్టలు వేస్తూ తింటుంది, ఇంట్లోది నోరు తెరవదు. రెండూ ఒక్క పిల్లవేనంటే ఎలా నమ్మను?

మాట 13

బుడ్డికి జ్వరం. ఆస్పత్రిలోనే ఉన్నాం.

గొట్టంలోకి క్రిములు చేరాయట. మందు ఎక్కిస్తున్నారు. కళ్ళు ఇప్పుడు పసుపు రాసినట్టు ఉన్నాయి. డాక్టరమ్మ కడుపు ఫొటో తీసి చూపించింది. లోపలున్న ఆ జానెడు పేగు ఉబ్బిపోయి చెంబులా లావైంది. ఉన్న కొంచెంలోనే అంతా పట్టించుకోవాలని సాగి సాగి అలా అయ్యిందట. తిండి అందులో నిలవపడి పాడవుతోంది. ఆ క్రిములే ఒంట్లోకి ఎక్కుతున్నాయి.

"కొత్తది తయారైనట్టే. లేట్ చెయ్యొద్దు. జ్వరం దిగంగనే ఆపరేషన్ వెట్టుకుందం" అంది.

కొత్తది మూరెడున్నర అయ్యింది. చూడ్డానికి వెళ్ళి, చేతులు గాజుకు ఆనించి, తొందరగా రావే తల్లీ, అది లోపల అలిసిపోయింది అని చెప్పాను. చెప్పాక, ఎవరికి చెప్తున్నానో తెలియక నవ్వు వచ్చింది. ఇది బుడ్డే కదా. బుడ్డి గురించి బుడ్డికే చెప్తున్నాను.

మాట 15

జ్వరం దిగింది. కబురు వచ్చింది. కానీ కబురు మా అత్తమ్మ చేతిపట్టీ తెర మీదికి వచ్చింది.

ఆమె చదవలేక మా ఆయనకు చూపించింది. ఆయన బిగ్గరగా చదివాడు. "గుండేటి ఓదెమ్మ గారికి. మీ పేగు సిద్ధముగా ఉన్నది. రేపు ఉదయము మొదటి పాళీకి ఖాళీ కడుపుతో హాజరు కావలెను." ఆ పేరు పెట్టె రాసింది, నేను అనలేదు. నేను ఆ కబురును ఈ పెట్టెకు చదివి వినిపించినప్పుడు కూడా పేరు దగ్గర గొంతు సవరించుకున్నాను. అయినా రాసేసింది చూడండి.

"ఒక్కటే పేరు గదా, నీకచ్చింది అవ్వా. మిషిన్ పొరపాటు" అని ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. మా అత్తమ్మ మాత్రం నవ్వలేదు. పెద్ద పని పడ్డట్టు తల ఊపి, ఆ పూట నుంచి తినడం మానేసింది.

"నువ్వెందుకు పస్తుంటవత్తమ్మా? ఆపరేషన్ పిల్లకు."

"పేరు నాదే గదా. నేనుంటే పిల్లకు మంచిగైతది. నువ్వు నోరుమూసుకో" అంది.

రేపే. పేగు ఇవాళ గట్క తిన్నది, పప్పుకట్టు తిన్నది, కదలిక బాగుంది. చెప్పాల్సింది అదే కదా, చెప్పాను.

మాట 16

పెట్టె చేసిన పనిని మళ్ళీ ఈ పెట్టెకే చెప్పాల్సి రావడం నా ఖర్మ.

బుడ్డిని ఎత్తుకుని ఆపరేషన్ గది దగ్గరికి వెళ్ళాం. తలుపు తెరుచుకుంది. లోపల పెద్దవాళ్ళ మంచం వేసి ఉంది. చిన్నపిల్లల మంచం లేదు. తలుపు పక్కన ఉన్న పెట్టె, "గుండేటి ఓదెమ్మ గారూ, బరువు చూసుకోండి" అంది. మా అత్తమ్మ ఎవరో పీట వేసినట్టు వెళ్ళి బరువు మిషను మీద నిలబడింది. "సరిపోలినది. వయసు డెబ్బై. మంచం ఎక్కండి" అంది పెట్టె.

మా ఆయన ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. డాక్టరమ్మ వచ్చి గోడ మీద రాసింది చూసింది. మా అత్తమ్మను చూసింది. నా చంకలో ఉన్న బుడ్డిని చూసింది.

"ఈ తొట్టెల ఎవరిది?" అని పెట్టెను అడిగింది.

"గుండేటి ఓదెమ్మ, డెబ్బై సంవత్సరాలు."

"ఎవరు చెప్పిన్రు నీకు ఆమెదని?"

"ఓదెమ్మ పేరుతో ఇద్దరున్నారు, కణాలు ఎవరివి వాడవలెనని అడిగితిని. రోగి తల్లి, పేరు చెప్పుటకు నిరాకరించి, భర్తను ముందుకు తోసినారు. భర్త 'మా అవ్వయి' అని చెప్పినారు. అవ్వ అనగా ఈ ప్రాంతమున తల్లి. నమోదైనది."

మా ఆయన నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, దించడం తెలియనట్టు.

"నేను నా బిడ్డనన్న" అన్నాడు. "అవ్వ అంటే నా బిడ్డ. నేనెప్పుడు దాన్ని అట్లనే పిలుస్త. గది అందరికెరుకే గదా! అందరికెరుకే!"

నాకు ఏది ముందు అర్థం చేసుకోవాలో అర్థం కాలేదు. నేను ఇన్నాళ్ళూ గాజుకు చేతులు ఆనించి తల్లీ తల్లీ అని పిలిచింది మా అత్తమ్మ పేగునా? దానికా జోల పాడాను? పాలు పడకపోతే పోలిక అన్నాం, గట్క తింటే పోలిక అన్నాం. పోలిక ఏంటి నా తలకాయ, అది ఆమెదే! అది ఎవరిదో అదే చెప్తూ వచ్చింది, మేము చప్పట్లు కొట్టాం. ఆ పేరు ఒక్కసారి అని ఉంటే నా నాలుక తెగిపడేదా? మా ఆయన మీద చెయ్యి ఎత్తాను, ఆయన తల వంచాడు, కొట్టలేకపోయాను. బుడ్డి నా మెడ పట్టుకుని, "ఏమైందమ్మా? బాపమ్మ కడుపు కోస్తరా?" అని అడిగింది.

"కొయ్యరు బిడ్డా" అన్నాను. అంతకు మించి నాకూ తెలియదు.

మాట 17

డాక్టరమ్మ మమ్మల్ని తన గదిలో కూర్చోబెట్టింది. తప్పు తనది కూడా అంది. అనుమానం వచ్చినరోజే ఆగి ఉండాల్సింది అంది. నేను తిట్టాను. పడింది. తిట్టాక నా కడుపు చల్లబడలేదు.

అప్పుడు మా అత్తమ్మ అంది, "గిప్పుడేమైంది? పేగైతే తయారుగున్నది. నాదే వెట్టుర్రి. నా మనుమరాలికి నా పేగు పనికిరాదా?"

"అట్ల గాదు పెద్దమ్మా. పిల్ల ఒళ్ళు దాన్ని పరాయిది అనుకుంటది. కొట్లాడుతది. ఆ కొట్లాట ఆపాల్నంటే, క్రిముల మీద కొట్లాడే బలం కూడా చంపాలె. గిప్పుడే జ్వరం నుంచి లేచింది. ఆగది."

"పరాయిదా?" అంది అత్తమ్మ. అంతే అంది. ఆమెను నేను పదకొండేళ్ళుగా చూస్తున్నాను, నాతో ప్రతి పూటా ఏదో ఒకదానికి తగవు పడే మనిషి. అలా చిన్నబోవడం ఎప్పుడూ చూడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు ఆమె మీద జాలి కలిగింది, నేనే ఆశ్చర్యపోయాను.

మళ్ళీ కొత్తగా బుడ్డి కణాలతో పెంచుదామా అంటే, వేలెడు కావడానికే నెలలు పడుతుంది. అప్పటిదాకా కార్జం నిలవదని డాక్టరమ్మ కళ్ళలోకి చూసి చెప్పింది. నేను ఇంకో దారి ఏదైనా చెప్పమన్నాను. లేదంటే ఈ గది నుంచి కదలనన్నాను. చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తడుతూ కూర్చుంది. తర్వాత మందుల కాగితం ఒకటి తీసి పొడుగ్గా మడిచింది.

"చిన్నప్పుడు రంగుకాగితాల తోరణం చేసిన్రా? అటువైపు నుంచి సగం దాకా ఒక కోత. ఇటువైపు నుంచి సగం దాకా ఇంకో కోత. మళ్ళ అటు, మళ్ళ ఇటు." కత్తెరతో కోస్తూ పోయింది. రెండు కొసలూ పట్టుకుని లాగింది. బెత్తెడు కాగితం సాగి బారెడైంది.

"బుడ్డి కడుపుల ఉన్న పేగు ఉబ్బి లావైంది గదా. లావు అక్కర్లేదు, పొడుగు కావాలె. గిట్లనే అటొకటి ఇటొకటి కోసి, కోసిన కాడల్లా కుట్టుకుంట పోతే, లావు తగ్గి పొడుగైతది. తొట్టెలలు రాకముందు గిదే చేసేటోళ్ళు."

"ఉబ్బింది చెడ్డదన్నరు గదా మొన్న?"

"చెడ్డదే. కానీ ఉబ్బకపోతే ఈ ఆపరేషన్ చెయ్యరాదు."

చెడ్డదే మంచిదైంది, మంచిదనుకున్నది పరాయిదైంది. నా తల తిరిగిపోయింది. మా ఆయన కాగితాన్ని చేతిలోకి తీసుకుని మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"మీరెన్ని చేసిన్రు?" అని అడిగాడు.

"ఒక్కటి గూడ చెయ్యలే" అంది డాక్టరమ్మ. "మా సార్ చేస్తుంటే పక్కన నిలబడి చూసిన. ఇప్పుడెవ్వరూ చేస్తలేరు. అందరికీ తొట్టెలనే అలవాటైంది."

"కోత తప్పితే?"

"కుట్టు కారితే ఆ జానెడు గూడ పోతది."

మా ఆయన నా వైపు చూశాడు. నేను మా అత్తమ్మ వైపు చూశాను. ఆవిడ గోడ వైపు చూస్తోంది. అంటే చెప్పాల్సింది నేనే.

"లోపలున్నదైతే దానిదే గదా? గందులైతే పొరపాటు లేదు గదా?" అన్నాను.

"లేదమ్మా. అది దానిదే."

"అయితే చెయ్యుర్రి" అన్నాను. చెప్పిన వెంటనే వద్దు అనాలనిపించింది. నోరు గట్టిగా మూసుకున్నాను.

మాట 18

తలుపు దగ్గర పెట్టె ఆపింది. "ఎవరికి శస్త్రచికిత్స? రోగి పేరు, వయసు తల్లి స్వయముగా పలుకవలెను. సూచనలు, బంధుత్వాలు అంగీకరించబడవు." ఈసారి డాక్టరమ్మే అలా అడగమని చెప్పిందట.

నోరు రాలేదు. పదకొండేళ్ళ అలవాటు, నాలుకకు తాళం పడింది. మా అత్తమ్మ నా పక్కన ఉంది. మోచేత్తో పొడిచింది.

"అనవే. నేను చెవులు మూసుకుంట" అంది. నిజంగానే రెండు చేతులతో చెవులు మూసుకుంది.

"గుండేటి ఓదెమ్మ" అన్నాను. "ఆరేండ్లు. నా బిడ్డ." అన్నాక మా అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టాను, ఎందుకో నాకే తెలియదు. ఆవిడ చెవుల మీద చేతులు తియ్యకుండానే, "ఇనబడ్డది తియ్యి" అంది.

తర్వాత గంటలు గడిచాయి. ఏం చెప్పను? కూర్చున్నాను, లేచాను. ఆస్పత్రి గల్లీ పైకప్పుకు చెమ్మ పట్టి ఉంటే, నాది కాని గల్లీలో, కొంగుతో తుడిచాను. అక్కడి డ్యూటీ ఆవిడ నా పని నువ్వు చేస్తావేంటి అని పోట్లాటకు వచ్చి, నా మొహం చూసి ఒక గుడ్డ నా చేతిలో పెట్టి వెళ్ళింది.

డాక్టరమ్మ బయటికి వచ్చినప్పుడు ఆమె టోపీ చెమటతో తడిసి ఉంది. రెండు చేతులూ ఎత్తి కొలత చూపించింది. జానెడు దాదాపు మూరెడైంది. "కుట్లు నిలబడాలె. ఇగ అది పనిచెయ్యాలె. నేను చేసేది అయిపోయింది" అంది.

మాట 21

పేగు నిద్రపోతోందట. కోసి కుట్టాక అలా కొన్నాళ్ళు అలిగి పడుకుంటుందట. డాక్టరమ్మ వచ్చి కడుపు మీద చెవిగొట్టం పెట్టి వింటుంది, తల అడ్డంగా ఊపుతుంది, వెళ్ళిపోతుంది. నరంబువ్వ నడుస్తోంది.

తొట్టెలలో ఉన్న మా అత్తమ్మ పేగుకు ఇక తిండి ఆపేస్తాం, సంతకం పెట్టమని ఆస్పత్రివాళ్ళు వచ్చారు. ఆవిడ ఒప్పుకోలేదు. "నా పానంలోది, నా కండ్ల ముందల ఎండవెట్టి సంపుతరా?" అని లొల్లి చేసి, గిన్నె పట్టుకుని వెళ్ళి గట్క పోసి వస్తోంది. నేను ఏమీ అనలేదు. నాకూ ఒకసారి వెళ్ళి చూడాలనిపించింది. వెళ్ళి ఏమని పిలవాలో తెలియక ఆగిపోయాను.

మాట 24

ఇవాళ కడుపులో గుడగుడమంది. డాక్టరమ్మ విని, చెవిగొట్టం నాకు కూడా ఇచ్చింది. డ్రమ్ములో నీళ్ళు కదిలినట్టు వినిపించింది. బాగానే ఉందా అన్నాను. ఇప్పుడే చెప్పలేను అంది. మందులు నీళ్ళలో కలిపి ఇచ్చి చూద్దామా అంటే, కుట్లు ఇంకా పచ్చిగా ఉన్నాయి, నోటితో చుక్క కూడా వద్దు అంది.

ఎవరైనా ఒక్క మాట ఖాయంగా చెప్తే బాగుండు. బుడ్డి కళ్ళలో పచ్చ తగ్గిందా, నాకే అలా అనిపిస్తోందా? మా ఆయన తగ్గింది అంటాడు. మా అత్తమ్మ తగ్గలేదు అంటుంది. పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా కనిపిస్తోంది. దీపం మార్చి చూశాను, ఇంకోలా కనిపించింది.

మాట 27

పొద్దున్నుంచి బుడ్డి పేచీ పెడుతోంది. పడుకోదు, కూర్చోదు. ఆడుకోమని బొమ్మ ఇస్తే విసిరికొట్టింది. మధ్యాహ్నానికి నా చెయ్యి పట్టుకుని కట్టు మీద పెట్టుకుంది.

"అమ్మా, గిక్కడ ఎవలో గీకుతున్నరు" అంది.

కుట్టు కారుతోందనుకున్నాను. గంట నొక్కాను, సరిపోదని గల్లీలోకి పరిగెత్తి అరిచాను. డాక్టరమ్మ, ఆమె వెనక ఇంకో ఇద్దరు పరిగెత్తుకుంటూ వచ్చారు. కట్టు విప్పారు. కడుపు మెత్తగా ఉంది. జ్వరం లేదు. డాక్టరమ్మ అంగుళం అంగుళం నొక్కి చూసింది.

"ఏడ నొస్తుంది బిడ్డా?"

"నొస్తలేదు."

"మరేందమ్మా?"

బుడ్డి మాటల కోసం వెతుక్కుంది. నుదురు ముడి వేసుకుంది. "లోపల ఏం లేదు. ఏం లేదుగానీ గీకుతాంది. గా నర్సక్క తలుపవతల డబ్బ తీసినప్పటిసంది ఇంకెక్కువైంది. నోట్లె నీళ్ళస్తున్నయి. నాకేమైతాందమ్మా? నేను సచ్చిపోతనా?"

తలుపు దగ్గర నర్సు నిలబడి ఉంది. చేతిలో సగం తిన్న అన్నం డబ్బా, కోడిగుడ్డు పులుసు వాసన. నా అరుపులకు డబ్బా పట్టుకునే పరిగెత్తుకొచ్చింది పాపం. డాక్టరమ్మ ఆమె వైపు చూసింది, బుడ్డి వైపు చూసింది. మెల్లగా మంచం అంచు మీద కూర్చుంది. చెవిగొట్టం పెట్టి చాలాసేపు వింది. తల ఎత్తినప్పుడు ఆమె కళ్ళు నిండి ఉన్నాయి.

"భూలక్ష్మీ, నీ బిడ్డకు ఆకలైతుంది" అంది.

ఆకలా? ఆరేళ్ళలో అది ఒక్కసారీ అనని ఆ మాట నాకు ఎక్కలేదు. మా ఆయనకూ ఎక్కలేదు. "ఆకలంటే, మనకైతది సూడు, గా ఆకలేనా?" అని అడిగాడు. డాక్టరమ్మ అవునని తల ఊపింది. నరంలో బువ్వ ఎక్కుతూనే ఉంది, అయినా అడుగుతోంది, లోపలిది లేచింది అంది. మా అత్తమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుని కింద కూర్చుండిపోయింది.

"గది పెట్టు" అంది బుడ్డి, నర్సు డబ్బా వైపు వేలు చూపించి.

డాక్టరమ్మ నా భుజం పట్టుకుంది. "ఇయ్యాల వద్దు. కుట్లు ఆరలే. రేపు చెంచెడు నీళ్ళతోని మొదలువెడ్దం. గట్టిగుండాలె నువ్వు" అంది.

ఆరేళ్ళు. ఒక్క ముద్ద తల్లీ, ఒక్కటే ముద్ద అని దీని వెనక గిన్నె పట్టుకుని తిరిగాను. అది ఇవాళ మొదటిసారి నోరు తెరిచి పెట్టు అంది, నేను లేదు అనాలట. అన్నాను. "రేపు పెడత బిడ్డా. ఇయ్యాల వద్దు."

బుడ్డి నమ్మలేనట్టు నన్ను చూసింది. తర్వాత ఏడుపు అందుకుంది. ఏం గొంతు దానిది! ఎప్పుడూ అంత గట్టిగా ఏడవలేదు. మంచం కొట్టింది, నన్ను తన్నింది, డాక్టరమ్మను తిట్టింది. పక్క గదుల వాళ్ళు వచ్చి తొంగి చూశారు. నర్సు డబ్బా వెనక్కి దాచుకుంది. మా ఆయన మొహం గోడకు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. నేను ఏడుస్తున్నాను, నా నోరు మాత్రం నవ్వుతోంది, ఎంత ఆపినా ఆగడం లేదు. అది చూసి దానికి ఇంకా మండింది.

"నవ్వకే!" అని అరిచింది. "రేపంటే ఎప్పుడే? ఇంకెంతసేపే?"